బయటి నుంచి వచ్చిన గోలు

నేను ఒక వలనేగానీ, నా కథలో చేపలు తక్కువ, బంతులు ఎక్కువ. సముద్రంలో మునిగి తేలినన్నాళ్ళూ నన్ను పలకరించినవాళ్ళు లేరు. ఒడ్డున రెండు కొయ్యల మధ్య వేలాడదీశాక మాత్రం రెండు ఊళ్ళు నాకోసం గొంతులు చించుకున్నాయి. మనుషుల సంగతి అంతే. కడుపు నింపినదాన్ని మూల పడేస్తారు, సాయంత్రం ఆట చూపించినదాన్ని నెత్తిన పెట్టుకుంటారు. తప్పుపట్టి అనడంలేదు, చూసింది చెప్తున్నాను.

నన్ను అల్లినవాడు సూరాడ మసేను. ఊరు గవ్వలపేట, శ్రీకాకుళం దిక్కున సముద్రాన్ని ఆనుకుని ఉన్న పల్లె. మసేనుకి అప్పుడే పెళ్ళయింది. తుపాను రోజులు కావడంతో పడవలు కదలడంలేదు. గుమ్మంలో కూచుని, కాలి బొటనవేలికి దారం బిగించి, వెదురు సూదితో నా కళ్ళు ఒక్కొక్కటే అల్లాడు. వలకి కళ్ళంటే మీకు తెలుసుగా, చేప తల దూరే ఆ సందులే. కొత్త పెళ్ళాం బియ్యం ఏరుకుంటూ పక్కనే కూచునేది.

"ఓలమ్మో, ఆ వలకేసే ముళ్ళు సూడు! నా మెళ్ళో మూడు ముళ్ళూ ఇంత గట్టిగా ఏసినావేటి?" అని ఎగతాళి చేసేది.

"అయ్యి ఊడిపోతే నువ్వు సెప్తావు. ఇయ్యి ఊడిపోతే సేప సెప్పదు గదా" అనేవాడు మసేను.

మాటలు తక్కువ మనిషి. చేతులు మాత్రం ఊరుకునేవి కావు. ఎక్కడ చిరుగు కనిపించినా, అది ఎవరి వలైనా సరే, మొలలోంచి సూదీ దారం తీసి కట్టేసేవాడు. బీడీలు కాల్చేవాళ్ళు మొలలో బీడీకట్ట దోపుకుంటారే, ఇతను సూది దోపుకునేవాడు. పెళ్ళిపందిట్లో కూచున్నా చేతులు ఏదో ఒకటి వెతుక్కునేవి. ఓసారి పురోహితుడి ఉత్తరీయం చిరిగి ఉంటే, ఆయన మంత్రాలు చదువుతుండగానే వెనకనుంచి వలముడి వేసేశాడట. ఉత్తరీయం చివికిపోయినా ఆ ముడి ఊడలేదని ఊళ్ళో చెప్పుకుని నవ్వుకుంటారు.

నేను చాలా ఏళ్ళు సముద్రం చూశాను. కవ్వళ్ళు, వంజరాలు, మాగలు, అన్ని రకాల చేపలూ నా ఒళ్ళో పొర్లినవే. రాళ్ళకు చిరిగాను, ఎండ్రకాయల చేత కొరికించుకున్నాను, చిరిగినప్పుడల్లా మసేను కట్టాడు. ఆకుపచ్చ దారం దొరికితే ఆకుపచ్చ, నీలం దొరికితే నీలం. చివరికి నా ఒళ్ళు ముసలమ్మ బొంతలా తయారయింది. మసేను పెళ్ళాం కన్ను మూసింది. కూతురు నూకరత్నాన్ని పక్క ఊరు తెడ్లపాలెం ఇచ్చారు. కొడుకు ఎల్లాజీ పడవెక్కాడు. ఫ్యాక్టరీలో నేసిన, గాలికి ఎగిరిపోయేంత పల్చటి వల కొనుక్కొచ్చాడు. నన్ను ఎండుచేపల మీద కాకులు వాలకుండా కప్పారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, చేపలతో నా సంబంధం అప్పటికీ తెగలేదు. ఆ తరవాతే నాకు బంతితో సంబంధం కలిసింది.

అదెలాగో చెప్తాను. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజులని సర్కారు వేట ఆపేస్తుంది కదా. పడవలన్నీ ఒడ్డుకి లాగి, తాటాకులు కప్పుకుని కూచోవాలి. సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని ముట్టుకోకుండా ఉండమంటే మా మగాళ్ళకి ఎంత కష్టం! తాగేవాళ్ళు తాగుతారు, తన్నుకునేవాళ్ళు తన్నుకుంటారు. అన్నిటికంటే పెద్ద గొడవ వేట మళ్ళీ మొదలయ్యే రోజు పొద్దున జరిగేది. ఆ పూట ఏ ఊరి పడవ ముందు కెరటం దాటితే ఆ ఊరిమీద గంగమ్మ మొదటి చూపు పడుతుందని మావాళ్ళ నమ్మకం. ఏడాదంతా వాళ్ళకి వల నిండుతుందని, పడవ బోల్తా పడదని. ఆ మొదటి చూపు కోసం తెడ్లతో బుర్రలు పగలగొట్టుకున్న ఏడాదులున్నాయి. గంగమ్మ చూసేది ఎవర్నోగానీ, పోలీసులు మాత్రం అందర్నీ చూసేవారు.

అప్పుడు మండలంలోని హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు బగాది సింహాచలంగారు ఒక బంతి పట్టుకుని వచ్చారు. ఆయనది మెట్ట ఊరు, ఈతైనా రాదు. "తన్నుకోవాలని ఉంటే దీన్ని తన్నండయ్యా. ఎవరు గెలిస్తే వాళ్ళ పడవ ముందు" అన్నారు. పెద్దలు నవ్వారు. కుర్రాళ్ళు మాత్రం అప్పటికే బంతి వెంట పరిగెడుతున్నారు. అలా ఒడ్డు పొడుగునా ఉన్న పల్లెలన్నిటికీ వేసవి ఫుట్‌బాల్ లీగు పుట్టింది. ఓడిన ఊరి మగాళ్ళు గెలిచిన ఊరి పడవకి భుజం పెట్టి నీళ్ళలోకి తొయ్యాలి. అదీ కట్టుబాటు.

ఈ లీగులో రూల్సు మీరు ఇంకెక్కడా విని ఉండరు. మైదానానికి ఒక పక్క గీత ఉండేది కాదు, సముద్రమే గీత. పోటు వస్తే మైదానం సన్నబడేది, పాటు వస్తే వెడల్పయ్యేది. బంతి నీళ్ళలో పడితే ఆట ఆగదు, కెరటం వెనక్కి తెస్తే ఆటలో ఉన్నట్టే. ఓ ఏడాది బంతి పాటులో కొట్టుకుపోయి దిగువ ఊరి ఒడ్డుకు చేరితే, అక్కడ ఆడుతున్నవాళ్ళు దాన్ని కూడా కలిపేసుకుని రెండు బంతులతో ఆట ముగించారు. రెండు పక్షాలూ గెలిచామన్నాయి. ఆఫ్‌సైడ్ అనేది మాస్టారు ఒక వేసవంతా ఇసకలో బొమ్మలు గీసి చెప్పారు.

"ముందుకెల్లి నిలబడితే తప్పేటి మాస్టారూ? సేపొచ్చే దార్లో వల ఎయ్యడం కూడా తప్పే అంటారేటి?" అని ఒక ముసలాయన అడిగేసరికి ఆయన ఆ రూలు ఎత్తేశారు.

గోలుకి పాత తెరచాప కొయ్యలు పాతారు. వల కావాలన్నారు. ఎండుచేపల మీదనుంచి నన్ను లేపి, రెండు ముక్కలు చేసి, ఒకటి అటు గోలుకీ ఒకటి ఇటు గోలుకీ కట్టారు. ముక్కలు చేస్తుంటే మసేను అటు తిరిగి నిలబడ్డాడు. ఆ తరవాత ప్రతి ఆటకీ నా వెనకే ఇసకలో కూచునేవాడు. ఊళ్ళోవాళ్ళు ఆటని ముందునుంచి చూస్తే మసేను నాలోనుంచి చూసేవాడు. ఎవరైనా గోలు కొట్టి నన్ను చింపితే, మురిసిపోతూ కట్టేవాడు.

నేను చెప్పబోయే గొడవ జరిగిన ఏడాది ఆఖరి ఆట గవ్వలపేటకీ తెడ్లపాలేనికీ పడింది. తెడ్లపాలెం గోలు కాసేది మసేను అల్లుడు కొర్లయ్య. సన్నటి పొడుగు మనిషి, చేతులు తెడ్లలా ఉండేవి. అతన్ని దాటించి గోలు కొట్టడం గగనం. గవ్వలపేట తరపున ఎల్లాజీ ఆడుతున్నాడు. ఆడుతున్నాడు అంటే, పదకొండోవాడు దొరక్క నిలబెట్టారు. మనిషి బండరాయంత. లంగరులాంటి కాలు. బంతిని తన్నితే అది ఎటు పోతుందో బంతికీ తెలీదు, అతనికీ తెలీదు. లీగు పుట్టినప్పటినుంచీ ఆడుతున్నా ఒక్క గోలైనా లేదు. కుర్రాళ్ళు అతన్ని 'దుంగ' అని పిలిచేవారు. అతను నవ్వేసేవాడుగానీ, ఇంటికొచ్చాక అన్నం తక్కువ తినేవాడు. మసేను చూసేవాడు.

ఆ రోజు పొద్దున నూకరత్నం బస్సు దిగుతుందని మసేను రోడ్డుదాకా ఎదురెళ్ళాడు. ఇటు తమ్ముడూ అటు మొగుడూ ఆడుతున్న ఆట కదా, చూడకుండా ఉండగలదా? ఆమె ఎవరి పక్కన కూచోవాలో తెలీక, మైదానం నడిమిలో బోర్లించిన పడవమీద కూచుంది. మసేను రోడ్డుమీద ఉన్న ఆ కాస్తసేపట్లోనే ఒక ఊరకుక్క ఎండ్రకాయని తరుముకుంటూ వచ్చి నా ఎడమ పక్కలోకి దూరి, బయటికి రాలేక గింజుకుని, కొయ్యకి దగ్గర్లో కింద పెద్ద చిల్లు చేసి పోయింది. రోజూ పొద్దున్నే నా ఒళ్ళంతా తడిమి చూసే మనిషి ఆ ఒక్కరోజూ తడమలేదు.

ఆట సాయంత్రం మొదలైంది. ఎంతసేపటికీ గోలు లేదు. ఎండ మెత్తబడింది, గాలి తిరిగింది, పోటు మైదానాన్ని నాకుతోంది. అప్పుడు బంతి ఎల్లాజీ ముందు పడింది. గోలుకి ఎదురుగా కాదు, బాగా ఎడమకి, మూల జెండా దగ్గర. "ఇటియ్యరా దుంగా, ఇటియ్యి!" అని అరుస్తున్నారు. ఎల్లాజీ ఇవ్వలేదు. ఇవ్వడం అతనికి ఎప్పుడు చాతనయింది గనక! కళ్ళు మూసుకుని తన్నాడు. ఇసక లేచింది. బంతి కొయ్యకి బయట పక్కనుంచి వచ్చి, కుక్క చేసిన చిల్లులోంచి దూరి, నా ఒళ్ళో పడి సుళ్ళు తిరిగి ఆగిపోయింది.

నా ఒంటికి తెలీదా? లోపలికొచ్చే బంతి నన్ను వెనక్కి తోస్తుంది. అది నన్ను పక్కనుంచి పొడిచింది.

ఇసక దిగేసరికి అందరికీ కనిపించింది ఒక్కటే, గోల్లో బంతి. గవ్వలపేట మొత్తం మైదానంలోకి దూకింది. మాస్టారు ఈల ఊదారు. కొర్లయ్య చేతులూపుకుంటూ ఆయన మీదికి పరిగెత్తాడు.

"గోలు కాదు మాస్టారూ! బయటినుంచొచ్చింది! వలకి సిల్లున్నాది, అందులోంచి దూరీసింది!"

"సిల్లు నీ కళ్ళకుంది బావా!" అని గవ్వలపేట కుర్రాళ్ళు.

"దుంగకి గోలిచ్చుకుని, వలమీద పెడతన్నాడు, సూడండిరా!"

మైదానం నడుమ గొడవ ముదిరింది. పెద్దలు దిగారు, ఆడవాళ్ళు దిగారు. గొడవ కూడా సముద్రంలాంటిదే, ఒకటి వంగేసరికి ఇంకోటి లేస్తుంది. నా దగ్గర మిగిలింది మసేను ఒక్కడే. అతనూ గొడవవైపే చూస్తున్నాడు. అల్లుణ్ణి ఎవరో తోస్తున్నారు, కూతురు పడవ దిగి పరిగెడుతోంది. మసేను మెడ చాచి చూస్తున్నాడు. అతని చెయ్యి నామీద ఆనించి ఉంది. వేళ్ళు చిల్లుని తాకాయి.

తరవాత జరిగింది మీరు నమ్మినా నమ్మకపోయినా చెప్తాను. ఆ వేళ్ళు మొలలోంచి సూది తీశాయి. దారం నోట్లో తడుపుకున్నాయి. చూపు మైదానం మీదినుంచి తిప్పకుండానే తెగిన కళ్ళు ఒక్కొక్కటే ఏరుకుని కట్టేశాయి. ముడి బిగియడానికి ఇసక రుద్దాయి. దారం పంటితో కొరికి, సూది మళ్ళీ మొలలో దోపాయి. కడుపుతో ఉన్న తల్లి నిద్రలో కూడా పొట్టమీద చెయ్యేసుకుంటుందే, అలా. మసేనుకి తను ఏం చేశాడో తెలీదు. నేను దాని మీద ఒట్టు వేస్తాను.

అప్పుడు మాస్టారు జనాన్ని తోసుకుంటూ వచ్చారు. "పదండి, వల చూస్తే తేలిపోతుంది. చిల్లుంటే గోలు లేదు, లేకపోతే ఉంది" అన్నారు. నా ఎడమ పక్కంతా రెండు చేతులా లాగి చూశారు, మోకాళ్ళమీద కూచుని చూశారు. "ఏదయ్యా చిల్లు?"

కొర్లయ్య నామీదికి వంగాడు. వేళ్ళతో వెతికాడు. తెడ్లపాలెం మగాళ్ళూ వెతికారు. నా ఒళ్ళంతా అతుకులే కదా, ఏది నిన్నటిదో ఏది ఇందాకటిదో సముద్రం మీద బతికేవాళ్ళకే అంతు చిక్కలేదు. పైగా ఇసక రుద్దిన ముడి.

"ఇక్కడే ఉన్నాది మాస్టారూ... గంగమ్మ తోడు... ఎవుడో కట్టీసినాడు!"

జనం ఘొల్లుమన్నారు. "ఎవుడు కడతాడ్రా, గంగమ్మ వచ్చి కట్టిందేటి?"

సరిగ్గా ఆ నవ్వుల మధ్యే మసేను తన వేళ్ళకేసి చూసుకున్నాడు. ముడికి రుద్దిన ఇసక వాటికి ఇంకా అంటుకునే ఉంది.

కొర్లయ్య మామగారివైపు తిరిగాడు. "మావా, నువ్వు ఇక్కడే ఉన్నావు గదా. నువ్వైనా సెప్పు."

మసేను నోరు తెరిచాడు. చెప్పేవాడే. కానీ అప్పుడే ఎల్లాజీని భుజాలమీద మోసుకుంటూ గవ్వలపేట కుర్రాళ్ళు గోలు ముందుకి వచ్చారు. ఇన్నేళ్ళూ దుంగా అన్న నోళ్ళే "గోలు ఎల్లాజీ! గోలు ఎల్లాజీ!" అంటున్నాయి. ఆ బండమనిషి ఏడుస్తున్నాడు. పైనుంచి తండ్రిని వెతుక్కుని, "నాన్నా, సూసినావా?" అని చెయ్యూపాడు.

మసేను నోరు మూసుకున్నాడు. "నాను గొడవేపు సూత్తన్నానయ్యా" అన్నాడు అల్లుడితో. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

కొర్లయ్య మామ మొహంలోకి కాసేపు చూశాడు. పక్కకి తిరిగి గోల్లోకి వెళ్ళాడు.

మిగతా ఆట ఒక పేరుకి జరిగింది. గవ్వలపేట గెలిచింది. వేట తెరిచేరోజు మొదటి పడవ గవ్వలపేటది, అదీ గోలు కొట్టిన ఎల్లాజీ పడవే అని తీర్మానించారు.

ఆ తరవాత ఎల్లాజీని చూసి తీరాలి. టీ కొట్టు దగ్గర ఎవరు కూచున్నా ఆ గోలు మళ్ళీ కొట్టి చూపించేవాడు. బంతి లేకపోతే కొబ్బరిబోండంతో. చెప్పినకొద్దీ దూరం పెరిగేది. మొదట మూల జెండా దగ్గర్నుంచి కొట్టాడు, తరవాత మైదానం నడుమనుంచి, చివరికి పడవలషెడ్డు దగ్గర్నుంచి. "ఇంకో నాలుగు రోజులాగితే తెడ్లపాలెంలో నిలబడి కొట్టీసినానంటావు" అని టీకొట్టువాడు వేళాకోళం చేసినా తెగ నవ్వేవాడు. రెండోసారి అన్నం వడ్డించుకునేవాడు. నడక మారింది. మాట మారింది. మసేను పక్కన కూచుని వింటూ ఉండేవాడు. ఆ అన్నం ముద్దలు చూస్తే కడుపు నిండేది, ఆ కథ వింటే తిన్నది వంటబట్టేది కాదు.

అక్కడ తెడ్లపాలెంలో కొర్లయ్యకి 'సిల్లు' అని పేరు పడింది. "సిల్లు బావొచ్చాడు, జాగ్రత్త, ఉన్నది నేదంటాడు, లేనిది ఉందంటాడు" అని సొంత ఊరివాళ్ళే అంటున్నారని గాలి మోసుకొచ్చేది. మా పల్లెల్లో మాటకి కాగితం ఉండదు. సముద్రంలో ఒకడు 'రాయుంది, పక్కకి తిప్పు' అని అరిస్తే మిగతావాళ్ళు అడక్కుండా తిప్పుతారు. అబద్ధాలకోరని పేరు పడ్డవాడు అరిస్తే ఎవరు తిప్పుతారు? మసేనుకి ఇది తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాడు.

అతని చేతులు ఆగిపోయాయి. ఎవరైనా వల తెస్తే "కళ్ళు ఆనడంనేదు, అక్కడెట్టు" అనేవాడు. పక్కన చిరిగిన వలలు కుప్పపడ్డాయి. పొద్దున్నే వచ్చి నా పక్కన కూచునేవాడు. ఆ అతుకుమీద చెయ్యేసేవాడు, కాలినట్టు తీసేసేవాడు. "కట్టినది సెయ్యి" అని గొణిగేవాడు. ఆ మాట తరవాత ఇంకో మాట ఉందని నాకు తెలుసు. అది నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

వేట తెరవడానికి ముందురోజు పొద్దున నూకరత్నం వచ్చింది. ఒంటిగా వచ్చింది. తండ్రికి తినడానికి తెచ్చినది గుమ్మంలో పెట్టి, ఇసకలో నా పక్కనే కూలబడింది.

"మీ అల్లుడు మాస్టారు దగ్గరికెల్లినాడు నాన్నా. సిల్లు నేదండి, నాకే కళ్ళు బైర్లు కమ్మినాయండి, తప్పు నాదేనండి అని సెప్పీసొచ్చాడు. తెడ్లపాలెం పెద్దల ముందు కూడా సెప్పీసినాడు."

మసేను చెయ్యి నా అతుకుమీదికి పోయింది.

"ఆ మనిషి అబద్దం ఆడడు. నాకు తెల్దా? రేత్రి అడిగినాను, నిజంగా సిల్లు నేదా అని. మీ నాన్నని అడగొద్దు, ఆ సంగతి ఇంక ఎత్తొద్దు అన్నాడు. నిన్నెందుకు అడగొద్దన్నాడు నాన్నా?"

మసేను లేచాడు. కొయ్యకి కట్టిన నా తాళ్ళు విప్పాడు. నన్ను చుట్టి భుజాన వేసుకున్నాడు. ఆ వయసులో నేను బరువే, అయినా దించలేదు. నూకరత్నం వెనకే వచ్చింది.

ఆ మధ్యాహ్నం రెండు ఊళ్ళ పెద్దలూ తమ తమ పడవలతో మా ఒడ్డునే ఉన్నారు. పడవలకి పసుపు రాసి, గంగమ్మకి చీర పెట్టే రోజది. మాస్టారు కూడా వచ్చారు. ఎల్లాజీ తన పడవ మొనకి బంతిపూల దండ కడుతున్నాడు. మసేను అందరి మధ్యా నన్ను ఇసకలో పరిచాడు. మోకాళ్ళమీద కూచుని ఆ అతుకు వెతికాడు. వెతకడం ఎందుకు, చెయ్యే పోయి దానిమీద పడింది. కత్తి తీసి ముళ్ళన్నీ కోసేశాడు. పెద్ద చిల్లు తెరుచుకుంది.

"ఇదిగో సిల్లు. నా అల్లుడు సెప్పినదే నిజం. బంతి ఇందులోంచి దూరింది. మీరంతా కొట్టుకుంటంటే నానే కట్టీసినాను. కట్టినది సెయ్యి, దానికి తెల్దు. నోరు మూసుకున్నది మాత్రం నాను. నాకు తెలుసు."

కొర్లయ్య వచ్చి వంగి మామగారి చంకల్లో చేతులేసి లేపాడు.

"నాకా రోజే తెలుసు మావా. నీ పెదవి మీద దారం ముక్క సూసినాను."

"తెలిసీ... తెలిసీ నీమీదేసుకున్నావేటయ్యా?"

"పెద్దోడివి. నలుగుర్లో నీ సెయ్యి పట్టుకుని దొంగంటే, రత్నం నాతో ఉంటాదేటి? అదీగాక..." ఎల్లాజీవైపు చూసి ఆగిపోయాడు.

అందరూ అటే చూశారు. ఎల్లాజీ చేతిలో పూలదండ అలాగే ఉంది. నడుచుకుంటూ వచ్చి చిల్లుని చూశాడు. ఆ చిల్లులోంచి బంతి పడుతుందా లేదా అని రెండు చేతులూ గుండ్రంగా చేసి కొలుచుకున్నాడు. పడుతుంది.

"ఒక్క గోలు నాన్నా" అన్నాడు. "బతుక్కి ఒక్కటి. అదీ ఉంచలేకపోనావు."

మసేను తల దించుకున్నాడు. అల్లుడికి చేసిన తప్పు చెప్పుకుంటే తీరింది. కొడుక్కి చేసింది తప్పో ఒప్పో అతనికే తెలీదు, ఎవరికి చెప్పుకుంటాడు?

మాస్టారు టోపీ తీసి నుదురు తుడుచుకున్నారు. మళ్ళీ ఆడించడానికి పొద్దు లేదు. పెద్దలు రెండు మాటలనుకుని తేల్చేశారు. మొదటి పడవ తెడ్లపాలెంది, అది కొర్లయ్యది. గవ్వలపేట కుర్రాళ్ళలో కొందరు మసేనుకేసి ఉమ్మేసినట్టు చూసి పోయారు. ఎల్లాజీ దండ విప్పి, బావ పడవ దగ్గర ఇసకలో పడేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

తెల్లారింది. తూరుపు ఎరుపెక్కకముందే ఒడ్డంతా జనం. కొర్లయ్య పడవ మొనకి ఆ దండే కట్టి ఉంది. కట్టుబాటు ప్రకారం గవ్వలపేట మగాళ్ళు భుజాలు పెట్టాలి. ఎల్లాజీ వస్తాడో రాడో అనుకున్నారు. వచ్చాడు. పడవ వెనక నిలబడి ఛాతీ ఆనించాడు.

పైనుంచి కొర్లయ్య వంగాడు. "ఒరే బావా, ఒక మాట సెప్తాను. ఆ సిల్లు నేకపోతే ఆ తన్నుకి వల సిరిగిపోయేది. ఏ కుక్కో ముందే సింపి నిన్ను కాపాడింది."

"నోర్మూసుకుని తెడ్డట్టుకో బావా. మునిగిపోగలవు" అన్నాడు ఎల్లాజీ. అందరూ నవ్వారు. అతను నవ్వలేదుగానీ, పళ్ళు బిగబట్టిన తీరు కొంచెం సడలింది.

తోశారు. పడవ కదిలి, నీళ్ళ అంచున తడి ఇసకలో దిగబడిపోయింది. మళ్ళీ తోశారు, కదల్లేదు. మసేను దూరంగా, నన్ను కుప్పగా పడేసిన చోట నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ వెనక కట్టుకున్నాడు, ముట్టుకునే హక్కు లేనట్టు.

ఎల్లాజీ తల తిప్పలేదు. "నాన్నా! ఏటలగ సూత్తన్నావు? ఎడం పక్కన ఎవుళ్ళూ నేరు. బేగి వచ్చి పట్టు."

మసేను పరిగెత్తాడు. పడిపోతాడేమో అన్నంతగా పరిగెత్తాడు. కొడుకు పక్కన భుజం పెట్టాడు. పడవ నీళ్ళకెక్కింది, మొదటి కెరటాన్ని చీల్చింది, రెండోదాన్ని దాటింది.

ఎల్లాజీకి ఆ తరవాత కూడా గోలు పడలేదు. ఆడుతూనే ఉన్నాడు. తండ్రితో మాట్లాడేవాడుగానీ, ఆ గోలు మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నా స్థానంలో పట్నంనుంచి కొత్త వలలు తెచ్చారు, తెల్లటివి, చేపల వాసన తెలియనివి. ఇప్పుడు నేను తెడ్లపాలెంలో నూకరత్నం పెరటికి కంచెని. కోళ్ళు నామీదినుంచి తలలు చాపి వీధి చూస్తాయి, చిక్కుడు పాదు అల్లుకుంటుంది. పనేమో తక్కువ, జ్ఞాపకాలు ఎక్కువ.

మసేను ఆ తరవాత చాలా ఏళ్ళు బతికాడు. చేతులు మళ్ళీ మొదలుపెట్టాయి. కూతురింటికి వచ్చినప్పుడల్లా నా దగ్గరే కూచునేవాడు. కోడి పొడిచిన చిరుగో, మేక లాగిన చిరుగో ఏదో ఒకటి ఉండేది. సూది తీసేవాడు, దారం తడిపేవాడు. తడిపి ఆగిపోయేవాడు. చుట్టూ చూసి, ఎవరుంటే వాళ్ళని అడిగేవాడు.

"కట్టీమంటారా?"

మనవలు పడీపడీ నవ్వేవారు. "ఇదేటి తాతా, సిరుగుంటే కట్టరేటి?" అనేవారు. ఎందుకడుగుతున్నాడో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. "కట్టు తాతా" అని ఒక్కరు అనేదాకా సూది కదిలేది కాదు.

పెరట్లో ఎవరూ లేనప్పుడు కూడా అడిగేవాడు. అడిగి, తడి దారం వేళ్ళమధ్య పట్టుకుని, అలాగే కూచునేవాడు. అప్పుడు మాత్రం, నాకు నోరుంటే ఎంత బాగుండును అనిపించేది.